ఓటమి ఆటతోనే ముగియాలి

మనిషి స్వభావంలో కోపాన్ని కూడా ఉంచినవాడు అల్లాహ్‌యే. కళ్ళ ముందు అన్యాయం జరుగుతున్నా కోపం రాని మనిషి దానిని అడ్డుకోలేడు. కనుక కోపమే పుట్టకూడదని ఇస్లాం అనలేదు. పుట్టిన కోపానికి కళ్ళెం వేయమంది. ఆ కళ్ళెం మన చేతిలో ఉందో లేదో మనసుకు నచ్చినది చేయి జారిపోయిన క్షణంలో తేలిపోతుంది.

నేడు మన పిల్లలకు ఆ క్షణం రోజుకు పదిసార్లు వస్తోంది. అది మొబైల్ తెర మీద వస్తోంది. ఏలూరులో అరుగుల మీద కూర్చున్న పిల్లలు, తాడేపల్లిగూడెంలో చదువుల కోసం అద్దె గదుల్లో ఉంటున్న విద్యార్థులు, కొల్లేరు పల్లెల్లో రాత్రిపూట చేపల చెరువు గట్టున కాపలా ఉండే యువకులు, అందరి చేతుల్లోనూ అవే ఆటలు. పబ్జీ మొబైల్‌ను కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న మరో 117 యాప్‌లతో పాటు నిషేధించింది. 2021 జూలైలో అది బీజీఎంఐ అనే పేరుతో తిరిగి వచ్చింది. ఫ్రీ ఫైర్ మీద 2022 ఫిబ్రవరిలో నిషేధం పడింది. యాప్‌ల పేర్లు మారాయి గాని, ఓడినప్పుడు పిల్లవాడి నోటి నుంచి వచ్చే మాటలు మారలేదు.

ఈ ఆటల వ్యామోహం ఎంత దూరం తీసుకుపోగలదో మన ప్రాంతం వారికి ఒకరు చెప్పనవసరం లేదు. 2020 ఆగస్టులో, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా ద్వారకాతిరుమల మండలానికి చెందిన 16 ఏళ్ళ బాలుడు కొన్ని రోజులపాటు తిండీ నీళ్ళూ సరిగా పట్టించుకోకుండా పబ్జీ ఆడి, ఏలూరు ఆసుపత్రిలో మరణించాడని పత్రికలు రాశాయి. అంతటి విషాదం అరుదు. కాని ఓడిన కోపంలో పలికే బూతు, తమ్ముడి మీద వేసే దెబ్బ, తల్లి మీద విసిరే మాట అరుదు కావు. అవి ప్రతిరోజూ మన ఇళ్ళలోనే జరుగుతున్నాయి. ఈ పాఠంలో వాటి గురించే ఆలోచిద్దాం.

ఓడటమే ఎక్కువగా ఉండే ఆట

ముందుగా ఆట స్వరూపం తెలుసుకోవాలి. బీజీఎంఐలో పెద్ద మ్యాచ్ మొదలైతే 100 మంది దాకా విమానం నుంచి ఒక ద్వీపం మీదికి దిగుతారు. చివరి వరకు మిగిలినవారే విజేతలు. నలుగురేసి చొప్పున జట్లు కట్టి ఆడితే 25 జట్లు అవుతాయి. వాటిలో గెలిచేది ఒకటే, మిగిలిన 24 ఓడతాయి. ఒక్కొక్కరుగా ఆడితే ఓడేవారు 99 మంది. అంటే ఈ ఆటలో దిగినవాడు చాలాసార్లు ఓడటానికే దిగుతున్నాడు. ఇందులో ఆశ్చర్యపోవలసింది గాని, అవమానపడవలసింది గాని ఏమీ లేదు.

అయినా పిల్లవాడికి ప్రతి ఓటమీ అవమానంగానే తోస్తుంది. ఎందుకంటే అతని పేరు పక్కన ఒక ర్యాంకు ఉంటుంది. బాగా ఆడితే పాయింట్లు పెరుగుతాయి, త్వరగా చనిపోతే తగ్గుతాయి. వారం రోజులు కష్టపడి పెంచుకున్నది ఒక్క సాయంత్రంలో తగ్గిపోతుంటే మనసు ఊరుకోదు. పోయినదాన్ని వెంటనే రాబట్టుకోవాలని మరో మ్యాచ్‌లో దిగుతాడు. కోపంతో ఆడేవాడికి ఆలోచన ఉండదు కనుక మళ్ళీ ఓడతాడు. ఆటగాళ్ళు ఈ స్థితిని టిల్ట్ అంటారు. పాతకాలపు పిన్‌బాల్ యంత్రాలను ఆడేవారు విసుగుతో కుదిపితే, యంత్రం ఆ మాట చూపించి ఆట ఆపేసేది. ఆ యంత్రానికి ఉన్నపాటి ఏర్పాటు కూడా మన చేతిలోని ఫోనుకు లేదు. కుదుపు ఎక్కువైందని గ్రహించి ఆట ఆపవలసిన బాధ్యత మన మనసుదే.

దైవప్రవక్త (స) ఒంటె వెనుకబడిన రోజు

దైవప్రవక్త ముహమ్మద్ (స) వారికి అద్బా అనే ఆడ ఒంటె ఉండేది. పందెంలో దానిని మించిన ఒంటె లేదని ప్రతీతి. ఒకసారి ఎడారివాసి ఒకడు తన పడుచు ఒంటె మీద వచ్చి అద్బాను దాటిపోయాడు. సహాబాలకు ఇది చాలా కష్టంగా తోచింది. వారి ముఖాల మీది బాధను గమనించిన దైవప్రవక్త (స), ఈ లోకంలో దేనినైనా పైకి లేపిన తరువాత దానిని కిందికి దించడం అల్లాహ్ పెట్టుకున్న నియమమని వారికి బోధపరిచారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. ఓడింది సృష్టిలోకెల్లా శ్రేష్ఠుడైన వ్యక్తి ఒంటె. గెలిచింది పేరు కూడా ఎవరికీ గుర్తులేని ఒక ఎడారివాసి. ఆయన (స) ఆ ఎడారివాసి మీద విసుక్కోలేదు. మరోసారి పందెం పెట్టమని పట్టుబట్టలేదు. అనుచరుల బాధను తప్పు పట్టలేదు కూడా. ఆ బాధకు సరైన అర్థం చెప్పారు. ఒంటెకైనా, ర్యాంకుకైనా, రాజ్యానికైనా ఎక్కడం ఉన్నట్లే దిగడమూ ఉంటుంది. దిగే రోజును ఒప్పుకోలేనివాడు ఎక్కిన రోజున కూడా మనశ్శాంతితో ఉండలేడు. ఓటమి మీద వచ్చే కోపానికి వేరు ఇక్కడే ఉంది. నేను కిందికి దిగకూడదు అన్న పట్టుదలే ఆ వేరు.

ఆటకు ధర్మం ఇచ్చిన చోటు

కొందరు పెద్దలు ఆట అనగానే మండిపడతారు. అది కూడా తొందరపాటే. దైవప్రవక్త (స) గుర్రప్పందాలు నడిపించారు. ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) గారితో పరుగుపందెం వేసి ఒకసారి ఓడారు, తరువాత కొంతకాలానికి ఆయనే గెలిచి, ఆ రోజుకు ఈ రోజు చెల్లు అన్నట్లుగా మాట్లాడారు. ఇది అబూ దావూద్‌లో ఉంది. బాణాల పోటీలో ఉన్న అస్లమ్ తెగవారిని చూసి తాను ఒక పక్షంలో ఉన్నానన్నారు. వెంటనే రెండో పక్షం వారు చేతులు ముడుచుకున్నారు. ఆయన ఎదుటి పక్షాన ఉంటే తామెలా బాణం వేయగలమన్నారు. అప్పుడు తాను అందరి పక్షమూ అని చెప్పి ఆట సాగనిచ్చారు. (బుఖారీ)

ఇమామ్ గజాలీ (రహ్మ) కూడా చదువు ముగించుకుని వచ్చిన పిల్లవాణ్ణి అలసట తీరేలా మంచి ఆట ఆడుకోనివ్వాలని, ఎప్పుడూ చదువే అని ఒత్తిడి చేస్తే అతని హృదయం చచ్చిపోతుందని వివరించారు. కనుక ఆటకు చోటుంది. ఆ చోటుకు హద్దులూ ఉన్నాయి. జూదం ఉండకూడదు. నమాజు తప్పకూడదు. అశ్లీలత ఉండకూడదు. మనుషుల మధ్య శత్రుత్వం పుట్టకూడదు. డబ్బు పెట్టి ఆడే ఆటల విషయంలో చర్చే లేదు. అది ఖుర్ఆన్ నిషేధించిన జూదమే. దేశ చట్టం కూడా 2025 ఆగస్టులో ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించింది. ఖుర్ఆన్ మద్యాన్నీ, జూదాన్నీ నిషేధిస్తూ చెప్పిన కారణాలను గమనించండి. వాటి ద్వారా షైతాను మనుషుల మధ్య శత్రుత్వాన్ని, ద్వేషాన్ని రేపాలని, దైవస్మరణ నుంచి, నమాజు నుంచి మళ్ళించాలని చూస్తాడని సూరయె మాయిదా 91వ ఆయత్ తెలుపుతోంది. పైసా పెట్టని ఆట కూడా ఈ రెండు ఫలితాలనే ఇస్తుంటే, ఆడేవాడు తన ఆటను గురించి భయపడవలసిందే.

ముఖం తెలియని మనిషి హక్కు

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ ఆటల్లో మైకు ఉంటుంది. ఎదుటివారి అసలు పేరు తెలియదు, ఊరు తెలియదు. ముఖం కనబడదు కనుక నోటికి అడ్డు ఉండదు. ఏలూరు బజారులో ఒక పెద్దమనిషి ముందు నోరెత్తని కుర్రవాడు, ఇక్కడ ముక్కూ మొహం తెలియని వ్యక్తి తల్లిని, అక్కచెల్లెళ్ళను తిడతాడు. అది ఆటలో భాగమే, ఎవరూ పట్టించుకోరు అని సర్ది చెప్పుకుంటాడు.

మనిషి పలికే ప్రతి మాటనూ రాసుకునే కావలివాడు సిద్ధంగా ఉంటాడని ఖుర్ఆన్ (ఖాఫ్: 18) హెచ్చరిస్తోంది. ఆ కావలివాడికి మైకులో పలికిన మాట, ముఖాముఖి పలికిన మాట అనే తేడా లేదు. మనిషి తన తల్లిదండ్రులను తానే తిట్టడం ఘోరపాపాల్లో ఒకటని దైవప్రవక్త (స) చెప్పినప్పుడు, ఎవరైనా అలా చేస్తారా అని సహాబాలు విస్తుపోయారు. ఇతను ఎదుటివాడి తండ్రిని తిడితే అతను ఇతని తండ్రిని, తల్లిని తిడతాడని ఆయన వివరించారు (బుఖారీ, ముస్లిం). మీరు వంటింట్లో రొట్టెలు చేస్తుండగా, మీ అబ్బాయి ఫోనులో మీ పేరు మీద తిట్లు తెచ్చుకుంటున్నాడంటే, ఈ హదీసు మన ఇంటి గురించే చెప్పినట్లు ఉంది కదా!

ఇంతకన్నా భయపడవలసిన విషయం మరొకటి ఉంది. అల్లాహ్ హక్కులో లోపం జరిగితే పశ్చాత్తాపంతో అల్లాహ్‌నే వేడుకుంటాము. దాసుల హక్కు, అంటే హుఖూఖుల్ ఇబాద్ సంగతి వేరు. అక్కడ నష్టపోయిన మనిషి కూడా క్షమించాలి. మన పేటలో ఎవరినైనా తిడితే, మరునాడు వాళ్ళ ఇంటి తలుపు తట్టి, సలాం చెప్పి, తప్పు ఒప్పుకోవచ్చు. ఆటలో తిట్టిన మనిషి ఇంటి తలుపు ఏ ఊళ్ళో ఉంది? ఏ సంఖ్యలోనో, ఏ వింత పేరులోనో దాగిన ఆ మనిషిని ఎక్కడని వెతకాలి? అతను ముస్లిం అయినా కాకపోయినా అతని హక్కు హక్కే. బాధితుని మొరకు, అల్లాహ్‌కు మధ్య తెర ఉండదన్న హెచ్చరిక మనకు తెలిసినదే.

ప్రళయదినాన నమాజులు, ఉపవాసాలు, జకాత్ పట్టుకుని వచ్చి కూడా దివాలా తీసే మనిషి గురించి దైవప్రవక్త (స) వివరించారు. అతను ఒకరిని తిట్టి ఉంటాడు, ఒకరి మీద నింద వేసి ఉంటాడు, ఒకరిని కొట్టి ఉంటాడు. అతని పుణ్యాలు వారికి పంచిపెట్టబడతాయి. అవి చాలకపోతే వారి పాపాలు ఇతని మీద పడతాయి (ముస్లిం). అరగంటలో ముగిసే ఆటలో పోయేది కొన్ని పాయింట్లు. ఆ పాయింట్ల కోసం రమజాను ఉపవాసాలను ఎవరికో రాసిచ్చేవాణ్ణి ఏమనాలి?

ఇప్పటికే అలా జరిగిపోయి ఉంటే నిరాశ పడవద్దు. ఆట ముగిసిన తరువాత తోటి ఆటగాళ్ళ పేర్లు కొంతకాలం ఆటలోనే కనబడుతుంటాయి. వీలైతే ఆ పేరుకే క్షమాపణ సందేశం పంపాలి. దొరకని మనిషి విషయంలో ఉలమాలు చూపిన మార్గం ఏమిటంటే, నిజంగా పశ్చాత్తాపపడి, ఇక చేయనని నిశ్చయించుకుని, ఆ మనిషి మేలు కోసం దుఆ చేయడం, శక్తి కొద్దీ సదఖా ఇవ్వడం.

తోటివాడి తప్పు మీద కోపం

ఎదుటి జట్టు మీద కన్నా తన జట్టువాడి మీద వచ్చే కోపం ఎక్కువ. ఎందుకు అటు వెళ్ళావు? ఎందుకు కాల్చలేదు? ఈ ఎందుకు అనే ప్రశ్నతోనే స్నేహాలు తెగిపోతున్నాయి. ఆ జట్టువాడు చాలాసార్లు చిన్న తమ్ముడో, పిన్ని కొడుకో అయి ఉంటాడు. అద్బా సంఘటన చెప్పిన హజ్రత్ అనస్ (రజి) గారే మరో మాట కూడా చెప్పారు. పదేళ్ళు దైవప్రవక్త (స) సేవలో ఉన్నా, చేసిన పనిని ఎందుకు చేశావని గాని, చేయని పనిని ఎందుకు చేయలేదని గాని ఆయన ఎన్నడూ గద్దించలేదట, కనీసం విసుగుతో ఉఫ్ అని కూడా అనలేదట (బుఖారీ, ముస్లిం). సేవకు వచ్చేనాటికి అనస్ (రజి) చిన్న కుర్రవాడు. పదేళ్ళలో అతను ఎన్ని పొరపాట్లు చేసి ఉంటాడో ఊహించండి. మన పిల్లలు పది నిమిషాల్లో పదిసార్లు అడిగే ప్రశ్నను ఆయన పదేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

దిగమింగిన కోపం ఎక్కడికి పోవాలి?

సూరయె ఆలి ఇమ్రాన్ 134వ ఆయత్‌లో స్వర్గవాసుల గుణాలను చెబుతూ అల్లాహ్ కోపాన్ని అణచుకునేవారిని ప్రశంసించాడు. అక్కడ వాడిన పదం కజ్మ్ నుంచి వచ్చింది. నిండిన తోలుతిత్తి మూతిని బిగించి కట్టడానికి అరబ్బులు ఈ మాట వాడేవారు. ఉర్దూలో గుస్సా తాగేయడం అంటాము, తెలుగులో కోపాన్ని దిగమింగడం అంటాము. మూడు భాషలూ ఒకే విషయం చెబుతున్నాయి. లోపల నిండుగానే ఉంది, బయటికి ఒలకలేదు.

అయితే లోపలే ఉండిపోతే ఏమవుతుంది? ఇమామ్ గజాలీ (రహ్మ) దీనికి జవాబు చెప్పారు. తీర్చుకోలేక మింగిన కోపం లోపల గడ్డకట్టి పగగా మారుతుందన్నారు. అందుకే ఆయత్ అణచుకోవడం దగ్గర ఆగలేదు. వెంటనే మనుషులను క్షమించడాన్ని, ఆపైన మేలు చేయడాన్ని ప్రస్తావించింది.

మన కొల్లేరును చూడండి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వరద నీరు వచ్చి చేరుతుంది. కొల్లేరు దానిని పట్టి ఉంచి, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి పంపుతుంది. పట్టి ఉంచే సరస్సు ఎంత అవసరమో, పంపే ఉప్పుటేరు కూడా అంతే అవసరం. నీటి దారికి అడ్డంగా చెరువు గట్లు లేస్తే వరద ఊళ్ళ మీద పడుతుంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు తొలగించవలసి వచ్చింది ఇందుకే. కోపాన్ని పట్టి ఉంచడం కొల్లేరు పని. క్షమించడం ఉప్పుటేరు పని. రెండోది లేకుండా మొదటిది ఎక్కువ కాలం నిలవదు.

కోపం వచ్చిన క్షణంలో

దైవప్రవక్త (స) చూపిన మార్గాలు ఆటగాడికి ఎలా వర్తిస్తాయో చూద్దాం.

1. శరణు వేడటం: ఇద్దరు తిట్టుకుంటుండగా ఒకని ముఖం ఎర్రబడింది. అవూజు బిల్లాహి మినష్షైతానిర్రజీమ్ పలికితే అతని కోపం పోతుందని దైవప్రవక్త (స) తెలిపారు (బుఖారీ, ముస్లిం). నోటికి తిట్టు వచ్చే చోట ఈ మాట రావాలి. దానిని ముందే అలవాటు చేసుకోవాలి.

2. మౌనం: కోపం వచ్చినవాడు మౌనం వహించాలని ముస్నద్ అహ్మద్‌లోని ఒక హదీసు బోధిస్తోంది. ఆటగాడికి మౌనం ఎంతో సులభం. మైకు గుర్తు మీద వేలు పెడితే చాలు.

3. స్థితి మార్చడం: నిలబడి ఉంటే కూర్చోవాలి, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలి (అబూ దావూద్). నిలబడినవాడు దెబ్బ వేయడానికి సిద్ధంగా ఉంటాడు, కూర్చున్నవాడు అంత సిద్ధంగా ఉండడు అని ఇమామ్ ఖత్తాబీ (రహ్మ) దీనిని వివరించారు. మన పిల్లవాడు పడుకునే ఆడుతున్నాడు కదా అని మీరు అడగవచ్చు. అతని దెబ్బ బొటనవేళ్ళలో ఉంది. కనుక ఫోనును బోర్లా పెట్టి చేతులు తీసేయడమే అతని కూర్చోవడం.

4. వుజూ: కోపం వస్తే వుజూ చేయాలనే ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. దాని పరంపర గురించి హదీసు పండితులు చర్చించారు. అయినా చల్లని నీటితో వుజూ చేసుకుని రెండు రకాతులు చదివినవాడు నష్టపోడు.

కోపాన్ని కక్కేస్తే తగ్గుతుందని చాలామంది నమ్మకం. 2002లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బ్రాడ్ బుష్మన్ ప్రచురించిన ప్రయోగంలో, కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ గుద్దుల సంచిని బాదినవారి కోపం ఇంకా పెరిగింది. ఏమీ చేయకుండా కూర్చున్నవారి కోపమే తక్కువగా ఉంది. 2024లో ఆయన మరో పరిశోధకురాలితో కలిసి 154 అధ్యయనాలను పరిశీలించి, శరీరాన్ని శాంతపరిచే పనులే కోపాన్ని తగ్గిస్తాయని తేల్చారు. దైవప్రవక్త (స) మాటకు ప్రయోగశాల సాక్ష్యం అవసరం లేదు. కాని కాలేజీలో చదివే పిల్లవాడికి చెప్పేటప్పుడు ఇది ఉపయోగపడుతుంది.

ఆటకు ముందే వేసుకోవలసిన కట్టు

కోపం వచ్చాక ఆపడం కన్నా ముందే దారి కట్టడం మేలు. పెద్ద మ్యాచ్ దాదాపు అరగంట సాగుతుంది. మగ్రిబ్ అజాన్‌కు ఇరవై నిమిషాలే ఉంటే ఆ మ్యాచ్ మొదలుపెట్టకూడదు. మొదలుపెట్టినవాడు నమాజుకూ ఆటకూ మధ్య ఇరుక్కుంటాడు, ఆ ఇరుకులోనే కోపం పుడుతుంది. ఈ రోజు ఎన్ని మ్యాచ్‌లో ఆటకు ముందే లెక్క పెట్టుకోవాలి. వరుసగా రెండు ఓడితే ఆ రోజుకు చాలించాలి. ఆకలితో, నిద్రమత్తులో ఆడకూడదు. కువైట్ నుంచి అబ్బా ఫోన్ చేసే వేళ ఇంట్లో అందరికీ తెలిసే ఉంటుంది. ఆ వేళ ఫోను ఖాళీగా ఉండాలి. నెలల తరబడి బిడ్డ గొంతు కోసం ఎదురుచూసే తండ్రి కాల్‌ను ఆట కోసం కట్ చేయడం కన్నా పెద్ద ఓటమి ఏముంది?

తల్లిదండ్రులకు ఒక మాట

సోదరులారా, సోదరీమణులారా! ఈ ఆటలను మధ్యలో ఆపి పక్కన పెట్టే వీలు లేదని మనం గ్రహించాలి. అమ్మీ అన్నానికి పిలిచినప్పుడు పిల్లవాడు ఒక్క నిమిషం అంటే అది ప్రతిసారీ అవిధేయత కాదు. జట్టులో మరో ముగ్గురు అతని మీద ఆధారపడి ఉంటారు. ఫోను లాక్కోవడానికి బదులు, "ఇంకా ఎంతసేపు బేటా?" అని అడిగి, "ఇది అయ్యాక లేచి రా" అనండి. ఆ మాట ప్రకారం లేచి వస్తే మెచ్చుకోండి. రాకపోతే మరునాడు ఫోను ఇవ్వకండి. ఆ శిక్షను కూడా కోపం చల్లారిన తరువాతే చెప్పండి. కోపంలో ఉన్న న్యాయాధికారి తీర్పు చెప్పకూడదని దైవప్రవక్త (స) ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). ఇంట్లో న్యాయాధికారులం మనమే. క్రికెట్ మ్యాచ్ ఓడిపోతే టీవీ ముందు మనం తిట్లు అందుకుంటే, పిల్లవాడు నేర్చుకునేది కూడా అదే.

కొందరి విషయంలో ఇది కోపం స్థాయిని దాటిపోతుంది. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికన్నా అదే ముఖ్యం కావడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం సుమారు ఏడాదిపాటు కొనసాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని రుగ్మతగా గుర్తిస్తోంది. ఈ వర్గీకరణ 2022 జనవరి 1 నుంచి అమలులో ఉంది. అలాంటి బిడ్డను మానసిక వైద్యునికి చూపించడంలో సిగ్గుపడవలసింది లేదు. వైద్యం చేయించుకోవడం కూడా మన ధర్మం నేర్పినదే.

నిజమైన బలశాలి కుస్తీలో ఎదుటివాడిని పడగొట్టేవాడు కాదనీ, కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపులో ఉంచుకునేవాడనీ దైవప్రవక్త (స) స్పష్టం చేశారు (బుఖారీ, ముస్లిం). ఈ రాత్రి మీ అబ్బాయి ఓడిపోయి, పెదవి కొరుక్కుని, ఏమీ అనకుండా ఫోను పక్కన పెట్టి అన్నానికి లేస్తే, తెర మీద అతని ర్యాంకు తగ్గి ఉండవచ్చు. అతన్ని దగ్గరికి తీసుకుని, ఈ రోజు నువ్వు గెలిచావని చెప్పండి.

అల్లాహ్ మన నాలుకలను ఇతరుల హక్కుల నుంచి కాపాడుగాక! మన పిల్లలకు గెలుపులో వినయాన్ని, ఓటమిలో సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.